వ్యాన్‌కి కర్టెన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత వ్యాన్ కొని, అందులో పడక, పొయ్యి పెట్టుకుని ఊళ్లు తిరిగే వాళ్లు విశాఖలోనూ కనిపిస్తున్నారు. వాళ్లు రాసిన ఉత్తరాల్లో కర్టెన్ల గురించి అడిగినవన్నీ ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం.

ప్రశ్న: మా ట్రావెలర్ పక్క అద్దాలకు ఇంటి కర్టెన్లు కుట్టే టైలరు చేతే కుట్టించాం. పైన రాడ్డు వేసి, కింద వదిలేశాం. బండి మలుపు తిరిగితే ఊగుతున్నాయి. రాత్రి పడుకుంటే వీధి దీపం నేరుగా మొహం మీద పడుతోంది. మళ్లీ కుట్టించాలంటే కొలత ఎలా తీసుకోవాలి? గుడ్డ ఎంత కొనాలి? (మధురవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: టైలరు తప్పేమీ లేదు. ఇంటి గోడ నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి పైన కట్టిన గుడ్డ గోడ వెంటే దిగుతుంది. బండి గోడ పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలుతుంది. పైన మాత్రమే కట్టిన గుడ్డ తిన్నగా కిందికి వేలాడితే, దాని కింది అంచుకీ అద్దానికీ మధ్య చెయ్యి దూరేంత సందు మిగులుతుంది. మీ మొహం మీద పడే వెలుతురు అక్కడి నుంచే వస్తోంది. ఇంటి కర్టెన్ ఒక చోట పట్టుకుంటే చాలు, బండి కర్టెన్‌ని పైనా కిందా రెండు చోట్లా పట్టి ఉంచాలి. అందుకు రాడ్డు అక్కర్లేదు. ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగు వైరు, కొసలకు మరబిగించే కొక్కేలు, ఆ కొక్కేలు తగిలించడానికి గోడకు బిగించే వంకులు సరిపోతాయి. కర్టెన్ సామాన్లు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి.

ముందు వంకుల స్థానం తేల్చుకోండి. ఉదాహరణకు అద్దం కనిపించే భాగం 100 సెంటీమీటర్ల వెడల్పు, 55 ఎత్తు అనుకుందాం. అటు 6, ఇటు 6 కలిపితే వంకుకూ వంకుకూ మధ్య దూరం 112. పై వైరు అద్దానికి 4 సెంటీమీటర్లు పైన, కింది వైరు 4 కింద వేస్తే వాటి మధ్య దూరం 63. ఈ 63ని కొలిచేటప్పుడు టేపును అద్దం వంపు వెంట ఆనించకండి. రెండు వంకుల మధ్యా బిగుతుగా లాగి కొలవండి, గుడ్డ కూడా అలాగే తిన్నగా నిలుస్తుంది. వంపు వెంట కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువొచ్చి, కుట్టాక కింద జోలెలా వేలాడుతుంది. అద్దం నాలుగు మూలలూ సమంగా ఉన్నాయో లేదో చూడటానికి రెండు ఐమూలలూ (మూల నుంచి ఎదుటి మూలకు) కొలవండి. తేడా సెంటీమీటరు దాటితే న్యూస్‌పేపరు అంటించి, అద్దం ఆకారం గీసుకుని కత్తిరించుకోవడం మంచిది.

ఇంటి కర్టెన్‌కి వెడల్పుకు రెట్టింపు గుడ్డ పెట్టి కుచ్చిళ్లు పోస్తారు. బండిలో ఒకటిన్నర రెట్లు చాలు. రెట్టింపు పెడితే పగలు పక్కకు జరిపిన గుడ్డ కుప్పే అద్దంలో నాలుగోవంతు మింగేస్తుంది. 112కి ఒకటిన్నర రెట్లంటే 168. రెండు రెక్కలు చేస్తే ఒక్కో రెక్క 84. రెక్కకు రెండు పక్కలా 3.5 చొప్పున మడత (ఒక సెంటీమీటరు లోపలికి, రెండున్నర పైకి) కలిపితే కత్తిరించాల్సిన వెడల్పు 91. ఎత్తులో 63కి పైనా కిందా వైరు దూరే మడతలు 3.5 చొప్పున కలిపితే 70. అంటే ఒక్కో రెక్క 91 × 70.

ఇప్పుడు గుడ్డ లెక్క. కర్టెన్ గుడ్డ ఎక్కువగా 54 అంగుళాల పన్నాలో (గుడ్డ అడ్డం కొలత), అంటే 137 సెంటీమీటర్లలో వస్తుంది. రెండు కిటికీలకు నాలుగు రెక్కలు కావాలి. కాటన్ అయితే రెక్క వెడల్పును పన్నా వైపు పెట్టి ఒకదాని కింద ఒకటి కత్తిరించండి. నాలుగు డెబ్బైలు 280. ఉతికితే ఐదు శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి 3 మీటర్లు కొని, ముందే తడిపి ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టండి. పక్కన మిగిలే పీలికతో కర్టెన్ కట్టే పట్టీలు, ఒకటి రెండు దిండు గలీబులు అవుతాయి.

వెలుతురును ఆపే పాలియస్టర్ బ్లాకౌట్ గుడ్డ కుంచించుకుపోదు, కాబట్టి ఇంకా తక్కువలో తేల్చొచ్చు. రెక్క ఎత్తును పన్నా వైపు తిప్పితే రెండు రెక్కలు పక్కపక్కనే పట్టాలి. కానీ రెండు డెబ్బైలు 140, పన్నా 137. ఇక్కడే చాలామంది ఆగిపోయి, మూడు మీటర్లు కొనేస్తారు. పన్నా చివరి నేత అంచు పీచు లేవదు గనక ఆ అంచు వైపు మడతలో లోపలికి తిప్పే ఒక సెంటీమీటరు అక్కర్లేదు. అప్పుడు రెక్క 69. వైర్ల మధ్య దూరం 63 బదులు 62 చేస్తే 68. రెండు అరవై ఎనిమిదులు 136, పన్నాలో పట్టేశాయి. పొడవులో 91 రెండుసార్లు, అంటే 182. రెండు మీటర్లతో రెండు కిటికీలూ అయిపోతాయి. చారల గుడ్డైతే మాత్రం చారలు అడ్డం తిరుగుతాయి, గమనించుకోండి. ఇదంతా కాగితం మీద తేలాకే వంకులు బిగించాలి, ముందు కాదు.

వైరును 112కి 112 కోయకూడదు. అది సాగి బిగుసుకోవాలి. మొదట 107 కోసి కొక్కేలు మరబిగించి తగిలించి చూడండి. వదులుగా ఉంటే మరో సెంటీమీటరు తీయండి. ఒకేసారి 100కి కోస్తే ఆ లాగుడుకు ప్లైవుడ్‌లోంచి వంకులే ఊడొస్తాయి. వంకుల మధ్య 120 దాటితే వైరు నడుము జారుతుంది. అక్కడ మధ్యలో ఒక వంకు అదనంగా వేసి, రెండు రెక్కలనూ దానికి అటూ ఇటూ ఉంచాలి.

ప్రశ్న: ఏ గుడ్డ మంచిది? బ్లాకౌట్ వేసినా మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో బండి ఆపితే లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంటోంది. (గాజువాక)

జవాబు: బ్లాకౌట్ వెలుతురును ఆపుతుంది. వేడి సంగతి వేరు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ మీద పడి, దాన్ని వేడెక్కిస్తుంది. ఆ వేడి ఇక బండి లోపలే తిరుగుతుంది. అందుకే ఎండను అద్దానికి బయటే ఆపే కప్పు, లోపలి ఏ కర్టెన్ కన్నా మేలు. బండి ఆపినప్పుడు ఎండ తగిలే వైపు అద్దాల మీద తెల్లటి కాన్వాస్ ముక్కను బయటి నుంచి వేయండి. సాయంత్రం తీసి మడిచేస్తే చాలు. లోపలి కర్టెన్‌తోనే సరిపెట్టుకోవాలంటే తెల్లటి వైపు అద్దం కేసి ఉండాలి. కొందరు లోపలికి అందంగా ఉండాలని లేత రంగును తమ వైపు, ముదురు రంగును అద్దం వైపు పెడుతుంటారు. అది ఎండను పీల్చి ఇంకా కాలుస్తుంది.

గుడ్డల్లో మా ఓటు మందపాటి పాలియస్టర్ బ్లాకౌట్‌కే. రోజూ ఎండా తేమా తగిలే చోట కాటన్ త్వరగా వెలిసిపోతుంది, పోగు చచ్చిపోతుంది, తడిస్తే ఆరదు. వెలుతురు కావాలి, చూపు మాత్రం ఆపాలి అనుకునే వాళ్లకి కేస్‌మెంట్ గుడ్డకు (సాదా నేత కాటన్) తెల్లటి లైనింగు వేస్తే బావుంటుంది. లైనింగును ముఖం గుడ్డతో కలిపి నాలుగు వైపులా కుట్టేయకండి. రెండూ ఒకేలా కుంచించుకుపోవు, రెండు ఉతుకుల్లో ముడతలు తేలిపోతాయి. పైనా కిందా వైరు మడతల్లో మాత్రం కలిపి, పక్కలు విడిగా ఉంచండి. పొందూరు ఖద్దరు వాడొచ్చా అని ఇద్దరు అడిగారు. అంత సన్నటి నేత బండి అద్దానికి ఎందుకు, కట్టుకోండి!

వెల్వెట్, చెమ్కీలున్న గుడ్డలు వద్దు. దుమ్ము పట్టి పోదు.

ప్రశ్న: నేను ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. ఒక వ్యాన్ ఆర్డరు వచ్చింది. బ్లాకౌట్ గుడ్డ మిషను పాదం కింద అతుక్కుని కదలట్లేదు, కుట్టు బొత్తిగా సన్నంగా పడుతోంది. గుండుసూది గుచ్చిన ప్రతి చోటా వెలుతురు చుక్క కనిపిస్తోంది. ఏం చేయాలి? (గోపాలపట్నం)

జవాబు: అమ్మా, ఆ గుడ్డ వెనక పూత ఉంటుంది. రబ్బరులాంటి ఆ పూతే పాదానికి పట్టుకుంటుంది. టెఫ్లాన్ పాదం దొరికితే అది వేయండి. లేకపోతే పూత వైపు కిందికి తిప్పి కుట్టండి, కిందున్న పళ్లు గుడ్డను లాక్కుపోతాయి. మడత దగ్గర పూత పైకి తేలక తప్పదు. అక్కడ పల్చటి టిష్యూ కాగితం పట్టీ పెట్టి దాని మీద నుంచే కుట్టి, తర్వాత చింపేయండి. కొందరు పౌడరు రాస్తారు. పని చేస్తుంది గానీ మిషను లోపలికి దిగి నూనెతో కలిసి ముద్దవుతుంది, కాబట్టి ఆర్డరు పూర్తయ్యాక షటిల్ తీసి తుడవాలి.

14 నంబరు సూది కొత్తది వేయండి. మొండి సూది పూతను పొడవడానికి బదులు చింపుతుంది. కుట్టు పొడవు మూడు నుంచి మూడున్నర మిల్లీమీటర్లు పెట్టండి. సన్న కుట్టు వేస్తే చిల్లులు దగ్గర దగ్గరగా పడి, తపాలా బిళ్ల అంచులా ఆ గీత వెంటే గుడ్డ చిరుగుతుంది. దారం పాలియస్టరే వాడండి. ఎండకు కాటన్ దారం ముందు పోయి, గుడ్డ బాగానే ఉన్నా మడతలు విడిపోతాయి.

ఈ గుడ్డలో పడ్డ చిల్లు పూడదు. గుండుసూదులు మానేసి బట్టలు ఆరేసే క్లిప్పులు వాడండి. కచ్చాకుట్టు వేయాల్సి వస్తే మడత లోపలే వేయండి. తప్పు పడి విప్పితే ఆ చిల్లుల వరస అలాగే మిగులుతుంది. కాటన్‌లోనైతే గుడ్డను అటూ ఇటూ లాగితే చిల్లులు కలిసిపోతాయి, ఇక్కడ కలవవు. ఇప్పటికే పడిన చుక్కల మీద పూత వైపు నుంచి తెల్లటి ఫ్యాబ్రిక్ పెయింటు చుక్క పెడితే చాలావరకు కప్పుకుంటాయి.

ఇస్త్రీ పూత మీద నేరుగా పెట్టొద్దు. పల్చటి కాటన్ గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద ముఖం వైపు నుంచే చేయండి. ఇక వరస. పక్క మడతలు ముందు, వైరు దూరే మడతలు తర్వాత. వరస తిరగబడితే వైరు దూరాల్సిన నోరు కుట్టులో మూసుకుపోతుంది, అప్పుడు విప్పక తప్పదు. వైరు కొక్కెం ఎంత లావుందో ముందే చూసుకుని, అది దూరేలా ఆ మడతకి ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గకుండా ఖాళీ వదలండి.

ప్రశ్న: కర్టెన్లు బాగానే ఉన్నాయి. కానీ ఏడాది తిరక్కుండానే ఐలెట్ల (గుడ్డకు బిగించే రింగుల) చుట్టూ తుప్పు మరకలు. అంచుల్లో పెట్టిన అయస్కాంతాలు ఉబ్బి, తొడుగు పొక్కులు లేచింది. (భీమిలి)

జవాబు: భీమిలి నుంచి ఋషికొండ దాకా మీ వైపున్న బండ్లన్నిటికీ ఇదే గొడవ. మెరిసే ఐలెట్లు చాలావరకు ఇనుప రేకుకు నికెల్ పూత వేసినవి. బిగించేటప్పుడు మడిచిన అంచులో ఆ పూత చిట్లుతుంది, ఉప్పు గాలి అక్కడ దూరుతుంది. దుకాణంలో కొనేముందు ఒక అయస్కాంతం పట్టుకెళ్లండి. ఐలెట్ దానికి అంటుకుంటే ఇనుము, వదిలేయండి. ఇత్తడి గానీ ప్లాస్టిక్ గానీ తీసుకోండి. నిజానికి రెండు వైర్ల పద్ధతిలో ఐలెట్లే అక్కర్లేదు.

చిన్న నియోడిమియం అయస్కాంతాలు గట్టిగా పట్టుకుంటాయి గానీ వాటి లోహం తుప్పుకు బాగా లొంగుతుంది. పైనున్న నికెల్ పొర ఎక్కడ గీసుకున్నా లోపల ఉబ్బి పొడి రాలుతుంది. ప్లాస్టిక్ తొడుగులో మూసినవి దొరికితే అవి, లేకపోతే ఫెర్రైట్ అంటారే, ఆ నల్లటి పింగాణీ లాంటివి కొనండి. వాటికి తుప్పు పట్టదు. బలం తక్కువ కాబట్టి పెద్దవి వాడాలి. 15 నుంచి 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున వేస్తే బండి రేకుకు కర్టెన్ అంచు అతుక్కుంటుంది. ముందే ఒక అయస్కాంతంతో తడిమి చూసుకోండి, లోపలి ప్లాస్టిక్ పలక ఉన్న చోట పట్టదు. జేబులు ముందు కుట్టేసి, అయస్కాంతాన్ని చివర్లో జార్చండి. ముందే పెడితే మిషను సూదిని పక్కకు లాగి విరిచేస్తుంది. రెండు రెక్కలు కలిసే చోట పెట్టేవి ఒకదాన్నొకటి తోసుకోకుండా, జేబులో వేసేముందు ఎటు ముఖమో పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

స్ప్రింగు వైరు కోసిన కొసలో ఉక్కు బయటపడుతుంది. అక్కడ రెండు పూతలు నెయిల్ పాలిష్ వేసి, ఆరాక కొక్కెం మరబిగించండి. మీరు అడగకపోయినా ఇంకొక మాట. సముద్రపు గాలికి గుడ్డలో చేరిన ఉప్పు ఊరికే ఉండదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ తేమను పీల్చి కరగడం మొదలెడుతుంది, మన ఊళ్లో చాలా రోజులు అది దాటుతుంది. అందుకే మీ కర్టెన్లు ఎండలో వేసినా సాయంత్రానికి మళ్లీ జిగటగా ఉంటాయి. సబ్బు పెట్టకపోయినా పర్వాలేదు, నెలకోసారి మంచినీళ్లలో జాడించండి. ఉప్పు పోతే చాలు.

ప్రశ్న: బండి రేకుకు చిల్లులు పెట్టాలంటే భయంగా ఉంది. వెల్‌క్రో అంటిస్తే సరిపోదా? పక్కకు జరిగే తలుపు అద్దానికి వైరు ఎక్కడ బిగించాలి? (సీతమ్మధార)

జవాబు: జిగురుతో వచ్చే వెల్‌క్రో వేసవి దాకా బాగానే ఉంటుంది. మూసి ఉంచిన బండిలో ఏప్రిల్ ఎండకు జిగురు మెత్తబడి, కర్టెన్ లాగినప్పుడు పట్టీ మొత్తం చేతిలోకి వస్తుంది. వాడాలనుకుంటే కర్టెన్‌కి మెత్తటి వైపు కుట్టండి. గరుకు వైపును బండికి రెక్సిన్ అంటించే రబ్బరు జిగురుతో అంటించి, రెండు కొసలా ఒక్కో స్క్రూ వేయండి. జిగురు పెట్టేముందు స్పిరిట్‌తో తుడవాలి, డ్యాష్‌బోర్డు పాలిష్ మరక ఉంటే ఏ జిగురూ పట్టదు. గరుకు వైపు కర్టెన్‌కి వేస్తే ఉతికినప్పుడల్లా పీచూ వెంట్రుకలూ పట్టుకుని పనికిరాకుండా పోతుంది.

లోపల ప్లైవుడ్ కొట్టించుకుని ఉంటే రేకు జోలికే పోవద్దు. ప్లై వెనక చెక్క పట్టీ ఉన్న చోట స్క్రూలు దించండి. రేకుకే వేయాల్సి వస్తే 8 నంబరు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ, అర అంగుళం పొడవు, దానికి 3 మిల్లీమీటర్ల చిల్లు సరిపోతుంది. డ్రిల్ బిట్‌కి కొస నుంచి సెంటీమీటరు దగ్గర టేపు చుట్టండి, అంతకు మించి లోపలికి పోనివ్వొద్దు. ఆ వెనకే దీపాల వైర్లు, కొన్ని బండ్లలో ఏసీ గొట్టం పోతుంటాయి. పక్క ఎయిర్‌బ్యాగులున్న బండిలో పైకప్పు అంచు పొడవునా అవే మడిచి ఉంటాయి, ఆ వరసలో చిల్లు పెట్టనే కూడదు. చిల్లు పడ్డాక ఇనుప పొడిని బ్రష్షుతో ఊడ్చి, చిల్లు అంచుకు జింకు ప్రైమరు చుక్క పెట్టి, ఆరాకే స్క్రూ దించాలి. అది మానేస్తే రెండు వానాకాలాల్లో స్క్రూ చుట్టూ రంగు పొంగుతుంది. పదే పదే విప్పి బిగించే చోట స్క్రూకి బదులు రివెట్ నట్టు (రేకు చిల్లులోనే బిగిసి ఉండే మర గొట్టం) మేలు. 4 మిల్లీమీటర్ల బోల్టు దానికి 6 మిల్లీమీటర్ల చిల్లు కావాలి. ఆటోనగర్‌లో బాడీ పని చేసే వాళ్ల దగ్గర దాన్ని బిగించే పరికరం ఉంటుంది. కొనక్కర్లేదు.

జరిగే తలుపుకు వైర్లు తలుపు లోపలి పలక మీదే బిగించాలి, పక్కనున్న స్తంభానికి కాదు. స్తంభానికి వేస్తే తలుపు తీసినప్పుడు కర్టెన్ దారికి అడ్డంగా నిలుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. తలుపు తెరిచాక అది బండి ఒంటిని ఆనుకుని వెనక్కి జారుతుంది. తలుపు లోపలి ముఖానికీ బండి రంగుకూ మధ్య కొంచెమే సందు. అంతకన్నా వంకు పొడవున్నా, జరిపి కట్టిన గుడ్డ కుప్ప లావున్నా రంగు మీద గీతలే. ఆ సందు ఎంతో టేపుతో తెలియదు. చపాతీ పిండి ముద్ద ఒకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, వంకు రావాల్సిన చోట తలుపు లోపలి పలకకు అంటించి, మెల్లగా తెరిచి మూయండి. ముద్ద ఎంత మందాన నలిగిందో అంతే మీకున్న జాగా. అందులోంచి అర సెంటీమీటరు తీసేసి, దానికి తగ్గ వంకులు కొనండి. ఈ తలుపుకు మాత్రం కుచ్చిళ్లు తగ్గించి, ఒకటింపావు రెట్ల గుడ్డే పెట్టండి.

వెనక రెండు తలుపులకూ ఇదే నియమం. ఏ తలుపు కర్టెన్ ఆ తలుపుకే.

ప్రశ్న: జనవరిలో లంబసింగి వెళ్లాం. తెల్లారేసరికి కర్టెన్ల కింది భాగం పిండితే నీళ్లు కారేలా తడిసింది. ఇప్పుడు నల్ల మచ్చలు వచ్చాయి. ఇంటి దగ్గర ఏసీ వేసుకుని పడుకున్నప్పుడు ఇలా కాలేదు. (ఎండాడ)

జవాబు: రెండూ ఒకే కారణం, దిక్కు మారిందంతే. విశాఖలో ఏసీ వేస్తే చల్లగా ఉండేది అద్దం లోపలి వైపు, తేమ ఉండేది బయటి గాలిలో. నీళ్లు అద్దం బయట పడతాయి, కర్టెన్‌కి తగలవు. లంబసింగిలోనో అరకులోనో శీతాకాలపు రాత్రి బయట చలి, లోపల మీ ఊపిరి. ఒక మనిషి రాత్రంతా ఊపిరితో, చెమటతో వదిలే తేమ ఒక గ్లాసుడు నీళ్ల దాకా ఉంటుంది. నలుగురు పడుకుంటే నాలుగు గ్లాసులు. అదంతా చల్లటి అద్దం మీద చేరి కిందికి జారుతుంది, కింది వైరు దగ్గర గుడ్డ దాన్ని ఒత్తిలా పీల్చుకుంటుంది. కర్టెన్ ఎంత మందమైతే అద్దం అంత చల్లబడి నీళ్లు అంత ఎక్కువ పడతాయి. లంబసింగిలో బ్లాకౌట్ వాళ్లకే ఈ తడి ఎక్కువ.

చలికి భయపడి అన్నీ బిగించి పడుకోవడమే అసలు తప్పు. ఎదురెదురుగా రెండు అద్దాలు రెండేసి సెంటీమీటర్లు తెరిచి పెట్టండి, పైకప్పు వెంటు ఉంటే అదీ తెరవండి. చలి కాస్త పెరుగుతుంది, దుప్పటి ఒకటి ఎక్కువ తీసుకెళ్లండి. అద్దానికీ గుడ్డకూ మధ్య రెండు సెంటీమీటర్ల సందు ఉండాలి. మీ వంకులు అద్దం చట్రానికి మరీ ఆనుకుని ఉంటే వాటి కింద చెక్క ముక్క పెట్టి ముందుకు జరపండి. లేవగానే అద్దాలు మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, కర్టెన్లు పక్కకు జరపండి. తడి గుడ్డను పట్టీలు కట్టి అలాగే ఘాటు దిగితే ఇంటికొచ్చేసరికి బూజు.

మచ్చల్ని మేడ మీద, ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడి బ్రష్షుతో దులపండి. లోపల దులిపితే పరుపు మీదే పడుతుంది. తర్వాత తెల్ల వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి తడిపి గంట ఉంచి, ఉతికి ఎండలో ఆరేయండి. బ్లీచింగ్ వద్దు, పూత పాడవుతుంది, రంగు ఎగిరిపోతుంది. పూత లోపలికి దిగిన నల్లదనం మాత్రం పోదు. ఆ రెక్కను మార్చుకోవడమే.

ప్రశ్న: కర్టెన్లు ఉంటే పోలీసులు ఆపుతారా? (ఎన్ఏడీ కొత్తరోడ్డు)

జవాబు: కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. అద్దాల మీద నల్ల ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న నిషేధించింది. కాబట్టి కర్టెన్ పని ఫిల్ముతో చేయించుకునే ఆలోచన మానుకోండి. బండి కదులుతున్నంతసేపూ కర్టెన్లు పక్కకు జరిపి పట్టీలతో కట్టి ఉంచండి. డ్రైవరు పక్క అద్దానికీ, ఎడమ పక్క ముందు అద్దానికీ అసలు వైర్లే వేయకండి, ఆ రెండింటికీ రాత్రిపూట అద్దం ఆకారంలో కోసిన పలకలు పెట్టుకోవచ్చు. డ్రైవరు సీటు వెనక అడ్డం వేసే తెర కూడా నడిపేటప్పుడు తెరిచే ఉండాలి, లేకపోతే లోపలి అద్దంలో వెనక రోడ్డు కనపడదు.

ప్రశ్న: ముందు పెద్ద అద్దానికి ఏం చేయాలి? వైరు బిగించే చోటే లేదు. (అక్కయ్యపాలెం)

జవాబు: దానికి గుడ్డ వద్దు. వెండిరంగు బుడగల షీటు, రెండు వైపులా రేకులా మెరిసేది, ఇళ్ల కప్పుల కింద వేస్తారే, అదే. న్యూస్‌పేపరు అంటించి ఆకారం గీసుకుని, దానికన్నా చుట్టూ ఒక సెంటీమీటరు ఎక్కువగా కోయండి. ఆ ఎక్కువే చట్రంలో ఒదిగి నిలబెడుతుంది. అంచులకు బట్ట పట్టీ కుట్టకపోతే పొరలు విడిపోతాయి. పైన రెండు సన్‌షేడ్లు దించి నొక్కితే చూషక బిళ్లలతో (అద్దానికి నొక్కితే అంటుకునే రబ్బరు బిళ్లలు) పనే లేదు. అవి దుమ్ముకు ఎలాగూ అర్ధరాత్రి టప్పున ఊడిపడతాయి. పలకను మధ్యలో కోసి, బట్టతో అతికి మడతపెట్టేలా చేసుకుంటే పరుపు కింద దూరిపోతుంది.

ప్రశ్న: మా పొయ్యి కిటికీ పక్కనే ఉంది. అక్కడ ఏ గుడ్డ వేయాలి? (పెందుర్తి)

జవాబు: ఏ గుడ్డా వద్దు. కాటన్ భగ్గున అంటుకుంటుంది, పాలియస్టర్ కరిగి బొట్లుగా చర్మం మీద పడుతుంది. నిప్పు తట్టుకునే మందు పూసిన కాటన్ దొరుకుతుంది గానీ చాలావరకు ఉతుకుతుంటే ఆ గుణం తగ్గిపోతుంది. నూలులోనే ఆ గుణం ఉన్న పాలియస్టర్ మేలే, అయినా అది అంటుకోకుండా కాస్త ఆపుతుందే తప్ప మంట పక్కన వేలాడదీయడానికి కాదు. పొయ్యికి అటూ ఇటూ రెండడుగుల లోపు వైరే లేకుండా చూసుకుని, ఆ కిటికీకి అల్యూమినియం పలక కోయించండి. వంట అయ్యాక, పొయ్యి చల్లారాక పెట్టుకోండి. వండేటప్పుడు ఆ అద్దం ఎలాగూ తెరిచి ఉండాలి. గ్యాసు మంట లోపలి గాలిని వాడుకుంటుంది, తేమనూ వదులుతుంది. ఆ పక్క కిటికీ కర్టెన్ రెక్కను వంటప్పుడు పట్టీతో కట్టి, పట్టీ కొసకు వెల్‌క్రో కాకుండా నొక్కుడు బొత్తాం వేయించండి. వెల్‌క్రోకి నూనె జిడ్డు పట్టి పట్టు వదిలేస్తుంది, బొత్తాం వదలదు.